పిడుగుకు దారి వేసిన లేజర్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలో సూచించిన లోహపు కడ్డీయే ఈనాటికీ భవనాలను పిడుగుల నుంచి కాపాడుతోంది. అయితే కడ్డీ ఎంత ఎత్తుంటే, చుట్టూ దాదాపు అంత మేరకే దాని రక్షణ. విమానాశ్రయానికి అది చాలదు. అలాగని అర కిలోమీటరు కడ్డీని నిలబెట్టలేం.

లోహం బదులు కాంతిని నిలబెడితే? 1974లో ఎల్.ఎం. బాల్ అనే పరిశోధకుడు ఈ ఊహకు రూపమిచ్చాడు. ప్రయోగశాలల్లో లేజర్ విద్యుత్తుకు దారి చూపింది గానీ మేఘాల కింద మొరాయించింది. 2004లో అమెరికాలోని న్యూమెక్సికో కొండల్లో భౌతిక శాస్త్రవేత్త జాన్ పియర్ వోల్ఫ్ తదితరులు ప్రయత్నించారు. మేఘంలో చిన్నపాటి విద్యుత్ విడుదలలు కనిపించాయి, పిడుగు మాత్రం లేజర్ బాట పట్టలేదు.

చిక్కంతా వేగంలో ఉంది. తీవ్రమైన లేజర్ స్పందన (పల్స్) గాలిలో తనంతట తానే సన్నని తంతువుగా కుదించుకుపోయి, అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. వాటిని ఆక్సిజన్ వెంటనే పట్టేసుకుంటుంది. కానీ వేడెక్కిన గాలి పక్కకు తప్పుకోవడంతో, విద్యుత్తు సులువుగా పారే పలచని కాలువ ఒకటి కొన్ని మిల్లీసెకన్లు నిలుస్తుంది. పాత లేజర్‌లో సెకనుకు పదే స్పందనలు. మరోటి వచ్చేలోపు కాలువ పూడిపోయేది.

అందుకే జర్మనీ కంపెనీ ట్రుంఫ్ సెకనుకు వెయ్యి స్పందనలిచ్చే, మూడు టన్నులకు పైగా బరువున్న లేజర్‌ను తయారుచేసింది. వోల్ఫ్, ఫ్రాన్స్‌కు చెందిన ఒరెలియన్ ఊయార్‌ల బృందం 2021 వేసవిలో దాన్ని స్విట్జర్లాండ్‌లోని 2,502 మీటర్ల సెంటిస్ శిఖరంపై అమర్చింది. అక్కడి 124 మీటర్ల టవర్‌ను ఏటా సుమారు వంద పిడుగులు తాకుతాయి. ఇంత ఎత్తైన టవర్ల కొస నుంచే తరచుగా పిడుగు మొలిచి, పైకి పాకి మేఘాన్ని అందుకుంటుంది. ఆ కొస పక్కనుంచే కిరణాన్ని ఆకాశంలోకి వదిలారు.

ఉరుముల వేళల్లో లేజర్ ఆరు గంటలకు పైగా పనిచేసింది. అది వెలుగుతుండగా నాలుగు పిడుగులు టవర్‌ను తాకాయి. జూలై 24న ఆకాశం తేటగా ఉండడంతో, ఒక పిడుగు సుమారు 50 మీటర్లు కిరణం వెంటే సాగడం హైస్పీడ్ కెమెరాలకు చిక్కింది. ఫలితాలు 2023 జనవరిలో ‘నేచర్ ఫోటోనిక్స్’ పత్రికలో వచ్చాయి.

ఇక్కడ లేజర్ పిడుగును పుట్టించలేదు, పుట్టినదాన్ని కాస్త దూరం నడిపించిందంతే. పైగా పిడుగులు ఎలాగూ వెతుక్కుంటూ వచ్చే టవర్ మీద దక్కిన గెలుపు ఇది. పది మీటర్ల మామూలు కడ్డీకి కాంతితో మరో 500 మీటర్ల ఎత్తును జోడించడం ఆ బృందం లక్ష్యం. విమానాశ్రయాలకు పనికొచ్చేది అప్పుడే.