పెన్నలో దిగిన లారీ ట్యూబు

లారీ ట్యూబు మొదటిసారి నీళ్లు చూసేది పంక్చర్ షాపు తొట్టిలో. గాలి కొట్టి ముంచితే, బుడగలు లేచిన చోటే చిల్లి. అతుకు మీద అతుకు పడి, ఇక లాభం లేదని మేస్త్రీ మూలన పడేశాక ఏ కుర్రాడో బతిమాలి పట్టుకుపోతాడు. నెల్లూరు జిల్లా చేజర్ల వైపు అది తేలేది ఊరి చెరువులో, సోమశిల కాలువలో, నీళ్లున్న రోజుల్లో కోటితీర్థం దగ్గర పెన్నలో. ఇంతకీ ఆ పాత ట్యూబు ఎంత బరువు మోస్తుంది?

పెద్ద లారీలకు వేసే 10.00-20 టైరునే తీసుకుందాం. ఇందులో 20 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. గాలి నిండిన ట్యూబు లావు సుమారు 25 సెంటీమీటర్లు, లావు మధ్యగా చుట్టూ కొలిస్తే రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ. అంటే లోపల దాదాపు 120 లీటర్ల గాలి. పూర్తిగా మునిగితే అన్ని లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది కాబట్టి, ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 120 కిలోల దాకా ఎత్తి పట్టగలదు. 60 కిలోల మనిషి పైకెక్కి కూర్చుంటే సగమే మునుగుతుంది. ఎక్కకుండా పట్టుకుని వేలాడితే పని ఇంకా తేలిక. మన ఒంటి సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే. తల పైకి నిలబెట్టడానికి నాలుగైదు లీటర్ల గాలి చాలు. అందుకే అరడజను మంది పిల్లలు ఒకే ట్యూబును పట్టుకుని ఈదినా అది మునగదు. ఒకప్పుడు నడుముకు ఎండు సొరబుర్ర కట్టి ఈత నేర్పిందీ ఈ లెక్క మీదే.

గాలిని సంచిలో బంధించి నీళ్లు దాటడం చాలా పాత తెలివి. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దపు అసీరియా శిల్పాల్లో సైనికులు ఉబ్బించిన మేకతోలు తిత్తుల మీద నది ఈదుతూ కనిపిస్తారు. ఆ గాలి చక్రం మీదికి ఎక్కడానికి మాత్రం ఇరవై ఏడు శతాబ్దాలు పట్టింది. ముందు రబ్బరు కుదురుకోవాలి కదా. ఎండకు జిగురై, చలికి పెళుసయ్యే రబ్బరును గంధకంతో కాచి దారికి తెచ్చే పద్ధతి చార్లెస్ గుడ్‌ఇయర్‌కు 1839లో దొరికింది. 1845లో స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. గుర్రబ్బండ్ల కాలంలో దాన్ని కొనేవాళ్లు లేక లోకం మరిచిపోయింది.

1887లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం రబ్బరు గొట్టాన్ని చెక్క బిళ్ల చుట్టూ చుట్టి, పైన గుడ్డ బిగించాడు. దాన్నీ, గట్టి రబ్బరు చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. గట్టిది దారిలోనే పడిపోయింది. గాలిది చివరిదాకా పోయి గేటుకు కొట్టుకుని వెనక్కి ఎగిరింది. మరుసటి ఏడాది పేటెంట్ వచ్చింది, తర్వాత థామ్సన్ పాత పేటెంట్ బయటపడి డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్‌లప్‌దే నిలిచింది. ఇది న్యాయమేమీ కాదు.

ట్యూబును నిజంగా నమ్మదగినదిగా చేసింది 1937లో అమెరికాలో పుట్టిన బ్యూటైల్ రబ్బరు. సహజ రబ్బరు కంటే దాదాపు పదింతలు మెరుగ్గా గాలిని పట్టి ఉంచుతుంది. మన పక్కన మద్రాసు తిరువొత్తియూరులో 1946లో పిల్లల బెలూన్లతో మొదలైన చిన్న షెడ్డు, ఆ తర్వాత టైర్లకెక్కి ఎమ్మారెఫ్ అయింది.

పొలంలో ఇదే ట్యూబు ఇంకో వేషం వేస్తుంది. దుక్కిలో పట్టు కోసం ట్రాక్టరు వెనక చక్రాల ట్యూబుల్లో ముప్పాతిక దాకా నీళ్లే నింపుతారు. అక్కడ నీళ్లు లోపల; పెన్నలో బయట.

నీళ్లలో ట్యూబును సరదాగా ఈదేవాళ్లే కాదు, వల వేసేవాళ్లూ వాడతారు. తెలుగునాట చెరువుల్లో, రిజర్వాయర్లలో ట్యూబు మీదో థర్మోకోల్ తెప్ప మీదో కూర్చుని చేతులతో తెడ్డేసుకుంటూ పోతారు. పడవ కొనలేని బీదవాడి పడవ అది. కొత్త లారీలకు ట్యూబులేని టైర్లు పెరుగుతున్నాయి; పాత ట్యూబులు దొరకడం ముందు ముందు కష్టమే.

వేసవిలో దిగేవారికి కొన్ని మాటలు. 45 డిగ్రీల ఎండలో బిర్రుగా ఉన్న ట్యూబు 28 డిగ్రీల నీళ్లలో పడితే లోపలి గాలి ఐదు శాతం దాకా కుంచించుకుపోయి మెత్తబడుతుంది. చిల్లి పడిందని కంగారొద్దు. అలాగని ఎండలో గాలి మరీ బిగించొద్దు. వాల్వు గొట్టం ఒంటికి గీరుకుంటుంది కాబట్టి దానికి గుడ్డ చుట్టండి. ఏట్లో ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు. నీటి తోపుడు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. 78 టీఎంసీల సోమశిల జలాశయం గేట్లు ఎత్తితే ఈ నది ఎలా మారిపోతుందో 2021 నవంబరు వరదల్లో నెల్లూరు జిల్లా చూసింది. నీళ్లు వదులుతున్నారని చాటింపు వినబడితే ట్యూబు ఒడ్డునే ఉండాలి. పట్టు జారితే ట్యూబు గాలికి కొట్టుకుపోతుంది, మనిషి మిగిలిపోతాడు. ఈత రాని పిల్లలకు లైఫ్ జాకెట్ తొడిగాకే ట్యూబు ఇవ్వండి.