ఫెయిర్‌నెస్ క్రీమ్ డబ్బా వెనక్కి తిప్పి చూశారా? ఆ నంబర్ లేకపోతే డేంజరే.. చట్టం ఏం చెబుతోందంటే

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు.. ఫ్యాన్సీ షాపుల్లో ఫెయిర్‌నెస్ క్రీములకు గిరాకీ మామూలుగా ఉండదు. "వారం రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది" అని షాపువాళ్లు చేతిలో పెట్టే చిన్న డబ్బా. నిజంగానే కొన్ని క్రీములు రాసుకున్న కొద్ది రోజులకే ముఖం మెరిసిపోతుంది. ఆ మెరుపు పాదరసం వల్ల వచ్చిందైతే మాత్రం, చర్మం దగ్గర మొదలైన కథ కిడ్నీల దాకా వెళ్తుంది. కేరళలో అచ్చంగా ఇదే జరిగింది.

మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఓ ప్రైవేట్ ఆస్పత్రికి కాళ్ల వాపు, మూత్రంలో నురగతో కొందరు వచ్చారు. పరీక్షిస్తే మూత్రంలో ప్రొటీన్ పోతోంది. మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బు అది. 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ వరకు అలాంటి కేసులు 22 వచ్చాయి. వారిలో 15 మందికి 'నెల్-1' అనే అరుదైన రకం అని తేలింది. సాధారణంగా అంతమందిలో కనిపించే రకం కాదది. ఏం తింటున్నారు, ఏం మందులు వాడుతున్నారు అని డాక్టర్లు ఆరా తీస్తే, ఆ 15 మందిలో 13 మంది చెప్పిన సమాధానం ఒక్కటే.. ఫెయిర్‌నెస్ క్రీమ్. క్రీమ్ ఆపేశాక చాలామందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఈ వివరాలు 'కిడ్నీ ఇంటర్నేషనల్' అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

కేరళ డ్రగ్స్ కంట్రోల్ విభాగం 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో 2023లో షాపులపై దాడులు మొదలుపెట్టింది. పట్టుకున్న కొన్ని లిప్‌స్టిక్‌లు, ఫేస్ క్రీముల్లో పాదరసం పరిమితికి 12 వేల రెట్లు ఉందని ఆ రాష్ట్ర ఆరోగ్య మంత్రి వీణా జార్జ్ 2025లో ప్రకటించారు.

12 వేల రెట్లు అంటే ఎంత?

మన దేశంలో 2020 డిసెంబర్ నుంచి 'కాస్మెటిక్స్ రూల్స్-2020' అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం క్రీములో పాదరసాన్ని కావాలని కలపకూడదు. ముడిసరుకు ద్వారా తెలియకుండా వచ్చినా సరే 1 పీపీఎం దాటకూడదు. అంటే కిలో క్రీములో 1 మిల్లీగ్రాము. కళ్ల చుట్టూ వాడే కాటుక, ఐలైనర్ లాంటి వాటికి మాత్రం 70 పీపీఎం వరకు సడలింపు ఇచ్చారు. 12 వేల రెట్లు అంటే కిలోకి 12 గ్రాములు. 20 గ్రాముల చిన్న డబ్బాలో దాదాపు పావు గ్రాము పాదరసం అన్నమాట. ఏదో పొరపాటున పడింది అనడానికి వీల్లేని లెక్క ఇది.

ఇంతకీ పాదరసం ఎందుకు కలుపుతారు? చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. అది తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పని చేయాలి. పాదరసం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. పైగా చవక. అందుకే ఫలితం త్వరగా కనిపిస్తుంది, అమ్మకం కూడా త్వరగా అవుతుంది. కానీ చర్మంలోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీల్లోకి చేరుతుంది. రాసుకున్నవారికే కాదు, ఆ టవల్ వాడిన ఇంట్లోవాళ్లకు, చంకనెత్తుకున్న పసిపిల్లలకు కూడా ప్రమాదమే.

పాదరసంపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం పేరు మినమాటా ఒప్పందం. మన దేశం 2018లో దానికి ఆమోదం తెలిపింది. 2023లో జెనీవాలో జరిగిన సమావేశంలో ఆ 1 పీపీఎం వెసులుబాటు, కళ్ల దగ్గర సడలింపు కూడా తీసేసి, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నింటినీ 2025 నాటికి ఆపేయాలని దేశాలు నిర్ణయించాయి.

మరి ఎవరు చూసుకోవాలి?

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. దేశంలో కాస్మెటిక్స్ తయారు చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. తెలంగాణలో అయినా, ఆంధ్రప్రదేశ్‌లో అయినా ఆ పని చూసేది మందుల షాపులను తనిఖీ చేసే ఔషధ నియంత్రణ విభాగమే. విదేశాల నుంచి తెచ్చేవాటికి మాత్రం కేంద్ర సంస్థ సీడీఎస్‌సీవో దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. రెంటికీ మూలం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం.

కానీ అమ్మేవాళ్లకు? లైసెన్సు అక్కర్లేదు. మెడికల్ షాపు పెట్టాలంటే ఫార్మసిస్టు ఉండాలి, లైసెన్సు ఉండాలి. ఫేస్ క్రీమ్ అమ్మడానికి అవేమీ అవసరం లేదు. ఫ్యాన్సీ షాపు, బ్యూటీ పార్లర్, ఇన్‌స్టా పేజీ.. ఎవరైనా అమ్మొచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ షాపుకొచ్చి శాంపిల్ తీసే అధికారం ఉంది, నిజమే. కానీ ఏ షాపులో ఏం అమ్ముతున్నారో రికార్డే లేనప్పుడు ఆయన ఎక్కడని వెతుకుతారు? అసలు చిక్కంతా ఇదే.

ఇంకో లొసుగు చూడండి. డబ్బా మీద పదార్థాల జాబితా ముద్రించాలన్నది రూల్. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని పరిమాణాన్ని బట్టి పైనుంచి కిందికి, మిగతావి తర్వాత రాయాలి. అయితే 30 గ్రాముల లోపు క్రీములు, 60 మిల్లీలీటర్ల లోపు లోషన్లకు ఈ జాబితా తప్పనిసరి కాదు. సామాన్యులు కొనేవి ఎక్కువగా ఆ చిన్న ప్యాకులు, సాచెట్లే కదా!

జాబితా ఉన్నా 'పాదరసం' అని తెలిసే భాషలో రాయరు. కెలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యురిక్ అయొడైడ్ అనే పేర్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. "బంగారం, వెండి నగలకు తగలకుండా రాసుకోండి" అని డబ్బాపై ఉన్నా అనుమానించాల్సిందే. పాదరసం లోహాలను పట్టేస్తుంది, ఆ జాగ్రత్త అందుకే. మన దగ్గర తయారైనదైతే తయారీ లైసెన్సు నంబర్, చిరునామా ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్, దిగుమతిదారు పేరు ఉండాలి. డబ్బా నిండా ఉర్దూ, థాయ్, చైనీస్ అక్షరాలే ఉండి, ఈ నంబర్ మాత్రం లేకపోతే అది దొడ్డిదారిన వచ్చిన సరుకే.

పార్లర్‌లో కలిపి ఇచ్చే లేబుల్ లేని క్రీముల సంగతి మరీ ఘోరం. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉంటే అది కాస్మెటిక్ కాదు, మందు. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే స్పష్టం చేసింది. అయినా ఊళ్లలో పక్కింటివాళ్లు చెప్పారని ముఖానికి రాసుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

కుంకుమ, బొట్టు, గోరింటాకు పొడి కూడా..

ఇవి కూడా కాస్మెటిక్సే. కుంకుమ, లిక్విడ్ బిందీ, హెన్నా పొడి బీఐఎస్ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాల్సిన జాబితాలో ఉన్నాయి. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదు. వాడే రంగుల్లో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. జాతరలో కుప్పపోసి అమ్మే కుంకుమకు ఈ రూల్ చెప్పేదెవరు అన్నది వేరే ప్రశ్న.

ఆడవాళ్ల ఇంటిమేట్ ప్రొడక్ట్స్ పరిస్థితి ఏంటి?

ఇంటిమేట్ వాష్ అని అమ్మేవి శుభ్రతకే అయితే కాస్మెటిక్స్ కిందకు వస్తాయి. "ఇన్ఫెక్షన్ తగ్గిస్తుంది" అని చెప్పుకుంటే డ్రగ్ లైసెన్సు కావాలి. నిజానికి యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది, లోపల ఏ వాష్ వాడొద్దనే గైనకాలజిస్టులు చెబుతారు.

శానిటరీ ప్యాడ్ మాత్రం క్రీముల రూల్స్‌లోకి రాదు. దానికి ఐఎస్ 5405 అనే బీఐఎస్ ప్రమాణం ఉంది. పీల్చుకునే శక్తి, పీహెచ్, బ్యాక్టీరియా పరీక్షలు అందులో ఉన్నాయి. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2022 నవంబర్‌లో 10 రకాల ప్యాడ్లు పరీక్షిస్తే అన్నింటిలోనూ థాలేట్లు, గాలిలో కలిసే ఆవిరి రసాయనాలు కనిపించాయి. 'ఆర్గానిక్' అని రాసినవి కూడా మినహాయింపు కాదు. ఆ తర్వాత 2023లో కేంద్ర జౌళి శాఖ ప్యాడ్లకు ప్రమాణాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది, అమలు గడువు మాత్రం వాయిదా పడింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే ప్యాడ్ ప్యాకెట్‌పై పదార్థాలన్నీ రాయాలని చట్టం చేసింది. కాలిఫోర్నియా అయితే పాదరసం, ఫార్మాల్డిహైడ్ సహా 24 రసాయనాలను 2025 జనవరి 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించింది. అక్కడి పిల్లలకు ఇక్కడి నుంచి క్రీములు పంపే తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

దొరికితే శిక్ష ఏంటి?

నకిలీ లేదా కల్తీ కాస్మెటిక్స్ తయారు చేసినా, అమ్మినా మూడేళ్ల వరకు జైలు. జరిమానా కనీసం 50 వేల రూపాయలు, లేదా పట్టుబడిన సరుకు విలువకు మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. కాగితం మీద గట్టిగానే ఉంది. కానీ కేసు నిలబడాలంటే వేగం కావాలి. మహారాష్ట్రలో ఓ పెద్ద కంపెనీ బేబీ పౌడర్ పీహెచ్ పరిమితి దాటిందని 2022 సెప్టెంబర్‌లో అక్కడి ఎఫ్‌డీఏ లైసెన్సు రద్దు చేసింది. శాంపిల్ తీసింది మాత్రం 2018 డిసెంబర్‌లో! ఇంత ఆలస్యాన్ని తప్పుబట్టిన బాంబే హైకోర్టు 2023 జనవరిలో ఆ ఉత్తర్వులను కొట్టేసింది.

సామాన్యుల చేతిలోనూ ఒక అస్త్రం ఉంది. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం ఎవరైనా తాము కొన్న క్రీమ్‌ను నిర్ణీత ఫీజు కట్టి ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుని, అనలిస్టు సంతకంతో రిపోర్టు తీసుకోవచ్చు. అందుకే బిల్లు అడిగి తీసుకోవాలి, డబ్బా పారేయకూడదు. తెలంగాణలో అనుమానం ఉన్న ఉత్పత్తులపై డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు పనిదినాల్లో ఫోన్ చేయొచ్చు. క్రీమ్ వాడుతూ కాళ్ల వాపు, మూత్రంలో నురగ కనిపిస్తే డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.