ఉప్పు తీసి, ఉప్పు కలిపి

మదనపల్లెలో నీళ్లకు వాడుకలో రెండే పేర్లు: మంచినీళ్లు, ఉప్పునీళ్లు. మంచినీళ్లు క్యాన్‌లో వస్తాయి, ఉప్పునీళ్లు బోరులోంచి. బకెట్ అంచున తెల్లటి చార కట్టేవి, కందిపప్పును ఎంతసేపు ఉడికించినా మెత్తబడనివ్వనివి, గీజరు కాయిల్‌కు సున్నం తొడిగేవి ఈ రెండో రకం. పుంగనూరులో అయినా, కుప్పంలో అయినా ఇదే వరస. సముద్రం ఇక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అలాంటి చోట ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెడతామంటే పక్కింటివాళ్లకు వచ్చే మొదటి సందేహం సబబైనదే. బోరు నీళ్లు ఎట్లాగూ ఉప్పే కదా, వాటిలో వదిలేస్తే పోలేదా?

పోతుంది, చేప.

లెక్క చూడండి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. టీడీఎస్ మీటరు 1000 చూపించే బోరు నీళ్లలో ఉండేది ఒక్క గ్రాము. మనం నాలుక చప్పరించి ఉప్పన్నది సముద్రపు చేప దృష్టిలో చప్పిడి నీళ్లే. మరి ఆ ఒక్క గ్రామును ఉండనిచ్చి, మిగతా 34 మనమే కలిపితే? ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. ఆ గ్రాములో ఎంత ఉందన్నది కాదు, ఏముందన్నది చూడాలి. మనల్ని విసిగించే కాల్షియం, మెగ్నీషియం చేపకు కొత్త కాదు. సముద్రంలో లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాములకు పైగా, మెగ్నీషియం 1,300 దాకా ఉంటాయి. రాయలసీమను భయపెట్టే ఫ్లోరైడ్ సంగతీ అంతే. తాగునీటిలో దానికి గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు, సముద్రంలో సహజంగానే 1.3 దాకా ఉంటుంది. చేపకు అది పుట్టింటి సరుకు.

అసలు బెడద నోటికి తెలియనివాటితో. పొలాలకు వేసిన ఎరువుల నైట్రేటు భూమిలోకి ఇంకుతుంది. మదనపల్లె మార్కెట్టుకు టమాటా పంపే నేలలకు ఎరువు లేకుండా ఎట్లా? గ్రానైటు జాతి రాళ్లు శిథిలమయ్యేకొద్దీ సిలికా నీళ్లలో కరుగుతుంది. కుప్పం గ్రానైటుకు ఎంత పేరుందో తెలిసిందే కాబట్టి కింద నీళ్లలో ఏముంటుందో ఊహించుకోవచ్చు. పగడాలు పెరిగే సముద్రాల్లో నైట్రేటు, ఫాస్ఫేటు లేనట్టే లెక్క. తొట్టిలో ఇవి చేరితే నాచుకు పండగ. సిలికా ఉంటే కొత్త తొట్టి ఇసుక మీద గోధుమరంగు డయాటమ్‌లు దుప్పటిలా పరుచుకుంటాయి.

అందుకే సముద్రం తయారు చేయాలంటే ముందు ఏమీ లేని నీళ్లు కావాలి. ఆ పని చేసే యంత్రం మన వంటింటి గోడకే వేలాడుతోంది. విచిత్రమేమిటంటే, సముద్రంలోంచి ఉప్పు తీయడానికి పుట్టిన ఆర్వోను మనం సముద్రం చేయడానికి వాడుకుంటున్నాం.

దాని కథ 1748 నాటిది. ఫ్రాన్సులో జాన్ ఆంత్వాన్ నొల్లే అనే మతాచార్యుడు సారాయి నింపిన సీసా మూతికి పంది మూత్రాశయపు పొర బిగించి నీళ్లలో ముంచాడు. పొర పూరీలా ఉబ్బింది. నీళ్లు పొరను దాటి సారాయి వైపు వెళ్లాయి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట వచ్చేదీ ఈ గుణం వల్లే. దీన్ని వెనక్కి తిప్పాలంటే ఉప్పు వైపు నుంచి నొక్కాలి. సముద్రపు నీటికైతే 270 మీటర్ల లోతులో నీరు నొక్కేంత బలం పెట్టినా సరిసమానమే అవుతుంది, అంతకు మించి నొక్కితేనే మంచినీరు ఇవతలికి వస్తుంది. ఆ ఒత్తిడికి చిరగకుండా, ఉప్పును ఆపి నీటిని వదిలే పొర ఏది? 1950లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ ఎసిటేట్‌తో అది సాధ్యమేనని చూపింది. కానీ నీళ్లు బొట్లు బొట్లుగా రాలేవి. ఆ లెక్కన చెంబు నిండేసరికి దాహం తీరేది కాదు, ప్రాణం పోయేది.

చిక్కుముడి విప్పిన ఇద్దరిలో ఒకరు భారతీయుడు కావడం మనవాళ్లలో చాలామందికి తెలియదు. శ్రీనివాస సౌరిరాజన్, సిడ్నీ లోయబ్ లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, బజారులో దొరికే పొరనే నీళ్లలో వేడిచేసి పరీక్షించారు. ఒకసారి ఉప్పు ఆగేది, ఇంకోసారి ఆగేది కాదు. తీరా చూస్తే తేడా పొరను బిగించే తీరులో ఉంది. దోసెకు రెండు వైపులున్నట్టే దానికీ ఉన్నాయి. ఒక వైపు బిగిస్తేనే పని, తిరగేస్తే దండగ. ఆ సూచన పట్టుకుని, 1960 ప్రాంతంలో, పైన అతి పల్చని గట్టి చర్మం, కింద దాన్ని మోసే గుల్ల భాగం ఉండే పొరను వాళ్లే పోతపోశారు. నీళ్లు పలచటి చర్మాన్ని దాటితే చాలు, మిగతా దారి తేలిక.

1965లో కాలిఫోర్నియాలోని కోలింగాలో ఆ పొరతో ఊరికి నీళ్లిచ్చే యంత్రం మొదలైంది. అంతకు ముందు రోజుల్లో ఆ ఊరికి తాగునీళ్లు రైలు ట్యాంకుల్లో వచ్చేవట. ఎండాకాలంలో ట్యాంకరు హారన్ కోసం చెవి రిక్కించిన కుప్పంవాళ్లకు ఆ ఊరి గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు. తర్వాత జాన్ కాడొట్ అనే శాస్త్రవేత్త 1970లలో మరో అడుగు వేశాడు. నీళ్లలో ఒక రసాయనం, నూనెలాంటి ద్రావకంలో మరొకటి కరిగించి, రెండూ కలిసే గీత మీదే పాలిఅమైడ్ పొర పుట్టేలా చేశాడు. నేటి ఆర్వోలన్నీ దాదాపు ఆ వంశమే. దానికి క్లోరిన్ పడదు, అందుకే ముందు బొగ్గు ఫిల్టరు పెడతారు. ఆ పొరనే చాపలా చుట్టి గొట్టంలో దూర్చితే మన మెంబ్రేన్. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో రెండు రూపాయలకు 20 లీటర్లు ఇచ్చిందీ ఈ చాపచుట్టే.

అయితే క్యాన్ నీళ్లు తెచ్చి పోసేస్తే సరిపోతుందా? అడిగి చూసుకోవాలి. తాగేవాళ్లకు రుచి కోసం ప్లాంటులో కొంత పచ్చి నీరు కలపడం మామూలే. ఇంటి ఆర్వోలోనూ టీడీఎస్ కంట్రోలరు ఆ పనే చేస్తుంది. తొట్టికి కావలసిన నీళ్లు ఆ కలిపే చోటుకు ముందే పట్టుకోవాలి. పైగా ఈమధ్య రాగి గుణం కలిపే ఫిల్టర్లు వచ్చాయి. మనుషులకు మంచిదో కాదో గానీ, రొయ్యలకు, పగడాలకు రాగి విషం. ఏసీ నుంచి కారే నీళ్లకు మీటరు తక్కువ అంకె చూపించినా నమ్మకూడనిది ఇందుకే, అవి రాగి గొట్టాల పక్కనుంచి కారిన నీళ్లు. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ తెచ్చే కృష్ణా నీళ్లు కొళాయిలో వచ్చినా వాటినీ ఆర్వో దాటించాల్సిందే. నా ఓటు మాత్రం మొదటి వాన వదిలేసి, శుభ్రమైన డాబా మీద పట్టిన వాన నీటికే. కాకపోతే ఇది వానకు మొహం వాచిన నేల.

ఆర్వో కూడా అంతా ఆపదు. నైట్రేటు, సిలికా కొంత జారిపోతాయి. అందుకే చివర రెసిన్ గుళికల గొట్టం ఒకటి తగిలించి, మీటరు సున్నా చూపేదాకా వడకడతారు. 200 లీటర్ల తొట్టికి ఆ సున్నా నీళ్లలో దాదాపు 7 కిలోల సముద్రపు లవణ మిశ్రమం కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు.

తర్వాతే అసలు పరీక్ష. రోజుకు రెండు లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. పోయేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి నింపేటప్పుడు ఉప్పునీళ్లు కాక సున్నా నీళ్లే పోయాలి. బద్ధకించి 1000 టీడీఎస్ బోరు నీళ్లు పోస్తే, వంద రోజుల్లో అక్కర్లేని లవణాలు 200 గ్రాములు తొట్టిలో కూర్చుంటాయి.

ఇంత చేసినా మనసులో గుచ్చుకునేది ఒకటుంది. ఇంటి ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్లు బయట పారేయడం మామూలు. తొట్టి ఒక్కసారి నింపడానికే 600 లీటర్లు. నీళ్ల కోసం వెయ్యి అడుగులు తవ్వే చోట అది చిన్న మాట కాదు. ఆ గొట్టాన్ని డ్రమ్ములోకి మళ్లిస్తే ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వస్తాయి. మొక్కలకు మాత్రం వద్దు, ఆ ఉప్పంతా వేళ్ల దగ్గర చేరుతుంది.

రెండు మూడేళ్లకు మీటరు అంకె మెల్లగా పెరగడం మొదలవుతుంది. మెంబ్రేన్ ముసలిదైంది. పారేసే ముందు కత్తితో నిలువునా కోసి విప్పి చూడండి. పొరల మధ్య వేలితో రాస్తే గరగరమంటూ తగులుతుంది, గీజరు కాయిల్ మీది అదే తెల్లటి సున్నం.