సందేశమే ఆదేశమైన వేళ: మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో బయటపడ్డ లోపం

పలువురు ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ఆధారం సర్వర్, అంటే ఆటలోని ప్రపంచాన్ని భద్రపరుస్తూ, ప్రతి ఆటగాడి కదలికనూ మాటనూ స్వీకరించి మిగిలినవారికి చేరవేసే కంప్యూటర్. ముక్కూమొహం తెలియనివారు పంపే సమాచారాన్ని నిరంతరం స్వీకరించక తప్పని ఈ యంత్రం ఆ సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే దాని భద్రతకు మూలప్రశ్న. 2021 డిసెంబరులో మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో బయటపడ్డ లోపం ఆ ప్రశ్న తీవ్రతను లోకానికి తెలియజేసింది.

స్వీడన్‌కు చెందిన మొజాంగ్ రూపొందించగా 2014లో మైక్రోసాఫ్ట్ సొంతం చేసుకున్న ఈ ఆటకు జావా భాషలో రాసిన రూపం ఒకటి ఉంది. దాని సర్వర్‌ను ఎవరైనా ఇంటి కంప్యూటర్‌లోనో అద్దె యంత్రంలోనో సొంతంగా నడుపుకోవచ్చు. చాట్ సందేశాలతో సహా సర్వర్‌లో జరిగే విషయాలు లాగ్ అనే చిట్టాకు ఎక్కుతాయి. ఆ చిట్టా రాసే బాధ్యతను మైన్‌క్రాఫ్ట్ లాగ్‌ఫోర్‌జె అనే లైబ్రరీకి, అనగా ఇతర ప్రోగ్రాములు వాడుకునేందుకు సిద్ధంగా ఉంచిన కోడ్‌కు అప్పగించింది. అపాచీ సంస్థ ఆధ్వర్యంలో స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహించే ఈ ఉచిత లైబ్రరీనే అసంఖ్యాకమైన వ్యాపార సంస్థలూ వాడుతున్నాయి. 2013లో అందులో చేరిన ఒక సదుపాయం వల్ల, డాలరు గుర్తుతో మొదలయ్యే నిర్దిష్ట రూపంలోని రాత కనబడితే, దానిని యథాతథంగా నమోదు చేయడానికి బదులు, అందులోని చిరునామాను సంప్రదించి, అక్కడినుంచి వచ్చిన కోడ్‌ను అమలుచేసే వీలు ఏర్పడింది. చిట్టా రాసే గుమాస్తా తాను రాస్తున్న మాటనే యజమాని ఆజ్ఞగా భావించి నెరవేర్చడం వంటిదిది. దీంతో చాట్‌లో ఒక్క పంక్తి రాయగలిగిన ఆటగాడు సర్వర్‌ను తన అధీనంలోకి తెచ్చుకోగలిగేవాడు. ఆ సందేశం ఇతర ఆటగాళ్ల కంప్యూటర్లలోని చిట్టాలకూ చేరేది గనుక వారికీ రక్షణ ఉండేది కాదు.

అలీబాబా క్లౌడ్ భద్రతా బృందం 2021 నవంబరు 24న అపాచీకి తెలిపిన ఈ లోపం డిసెంబరు 9న బహిరంగమైంది. లాగ్‌ఫోర్‌షెల్ అనే పేరు పొందిన దీనికి తీవ్రతలో 10కి 10 మార్కులు పడ్డాయి. మరునాడే మొజాంగ్ 1.18.1 వెర్షన్‌ను విడుదల చేసినా, సొంత సర్వర్లు నడిపేవారు ఆ సవరణను తామే చేసుకోవలసి వచ్చింది. మొదటి దిద్దుబాటు అసంపూర్ణమని తేలడంతో లాగ్‌ఫోర్‌జెకు ఆ నెలలోనే మరికొన్ని దిద్దుబాట్లు రావడం ఈ పనిని మరింత క్లిష్టం చేసింది. సొంతంగా నడిపే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల ద్వారా ఖోన్సారి అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము, ఆటగాళ్ల కంప్యూటర్లకు చేరినట్లు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. ఇందుకు జీతం లేకుండా శ్రమించే కార్యకర్తలను నిందించడం అన్యాయం. వారి కోడ్‌పై వ్యాపారాలు నిర్మించుకున్నవారు దాని పరిశీలనకు ఆ మేరకు వెచ్చించకపోవడమే అసలు లోటు.

ఈ లోపమున్న కోడ్ పదేళ్లో అంతకు మించో వాడుకలో మిగిలిపోవచ్చని అమెరికా సైబర్ భద్రతా సమీక్షా మండలి 2022 జూలైలో హెచ్చరించింది. ఆటకు అదనపు హంగులు చేర్చే మాడ్‌లు చాలావరకు పాత వెర్షన్లపైనే పనిచేస్తాయి కాబట్టి, ప్రవాస తెలుగు కుటుంబాల పిల్లలు స్నేహితులకోసం ఇంట్లో నడిపే సర్వర్లూ ఈ కోవలోకి రావచ్చు. 1.7 నుంచి 1.16.5 వరకు గల వెర్షన్లకు మొజాంగ్ ప్రత్యేక సర్దుబాటు ఫైళ్లను అందించింది. అవి అమర్చారో లేదో చూడటంతోపాటు, బ్యాంకు వివరాలూ కుటుంబ ఛాయాచిత్రాలూ ఉన్న కంప్యూటర్‌లో కాక, వేరొక యంత్రంలో, పరిమిత అధికారాలు గల ఖాతాతో సర్వర్ నడిపించడం అవసరం.