రెండు కొలతల నడుమ పది బైట్లు

కంప్యూటరులోని సకలకార్యములను తెరవెనుక నుండి నడపు కెర్నెల్‌కు సమాచారమును తాత్కాలికముగా నిలుపుకొనుటకు కొన్ని తావులు కావలసియుండును, వానినే బఫర్లందురు. గాదెలో ధాన్య మెంత పట్టునో రైతు ఎరిగియుండునట్లు, ప్రతి బఫరుతోపాటు దాని పరిమాణమును తెలుపు సంఖ్య నొకదానిని కెర్నెల్ వ్రాసికొనును. ఆ సంఖ్యను ఏ రకపు గడిలో నుంచవలెనను ప్రశ్న గుమాస్తాపని వలె తోచును గాని, 2021 జూలైలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు వెల్లడించి, సెక్వోయా అని పేరిడిన లినక్స్ లోపము నెరిగినవారు దానిని తేలికగా త్రోసివేయజాలరు.

సీ భాషలో ఇంట్ అనునది సాధారణముగా 32 బిట్ల గడి. ఋణసంఖ్యలకును చోటీయవలసియుండుటచే అందు పట్టు గరిష్ఠసంఖ్య 214,74,83,647. పరిమాణములకై ఏర్పడిన సైజ్‌-టీ యన్ననో, ఋణసంఖ్యల నెరుగనిది, 64 బిట్ల యంత్రములలో మిక్కిలి విశాలమైనది. కెర్నెల్ తన స్థితిగతులను పాఠముగా చూపునపుడు వాడు సీక్‌-ఫైల్ అను భాగము బఫరు కొలతను సైజ్‌-టీగా దాచుకొనుచుండగా, అదే బఫరులో డైరెక్టరీ దారిని వ్రాయు ఫంక్షన్ ఆ కొలతను ఇంట్‌గా పుచ్చుకొనుచుండెను. బఫరు అంతగా పెరుగుట కవకాశము లేనన్నాళ్లు ఈ పొరపొచ్చెము ఎవ్వరిని బాధింపలేదు. 2014లో పెద్ద బఫర్లకును మెమరీ దొరకునట్లు మార్పు చేసినపుడు మాత్రము గోడలో దాగిన పగులు తలుపైనది.

ఒకదానిలో నొకటిగా సుమారు పదిలక్షల డైరెక్టరీలను పేర్చి, దారి పొడవు ఒక గిగాబైటును దాటునట్లు చేసి, దానిని మౌంట్ చేసి, అనగా ఫైళ్ల వృక్షములో నొకచోట తగిలించి, పిదప ఆ డైరెక్టరీని తొలగించి, మౌంట్ల జాబితాను చదువబోయినచో, 4,096 బైట్లతో మొదలైన బఫరు చాలనపుడెల్ల రెట్టింపగుచు పందొమ్మిదవ మారు 214,74,83,648 బైట్లకు చేరును. ఇంట్ పట్టగల దానికన్న ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ! ఆ ఒక్కటితో సంఖ్య తలక్రిందులై ఋణమగును. తొలగిన డైరెక్టరీని తెలుపు ‘డిలీటెడ్’ అను గుర్తును దాని ముందరి రెండు గీతలతోను, చివరి సున్నతోను కలిపి, పది బైట్లుగా కెర్నెల్ బఫరు మొదటికి రెండు గిగాబైట్ల వెనుక, తనది కాని చోట వ్రాసిపోవును. ఆ పది బైట్ల నాధారము చేసికొని సామాన్యవినియోగదారుడు యంత్రముపై సర్వాధికారమైన రూట్ అధికారమును కైవసము చేసికొనగలడని ఉబుంటు, డెబియన్, ఫెడోరాలపై పరిశోధకులు నిరూపించిరి.

ఇంట్‌ను వాడినవాడు అవివేకి యనుట మాత్రము అన్యాయము. చోటు చాలనపుడు మిగులు సున్నకు దిగువ పోవునని, దానిని బట్టి లోటును గుర్తింపవచ్చునని ఆతని యోచన. సైజ్‌-టీలో ఆ పరీక్షయే వ్యర్థమగును, ఏలయన నందు సున్నకు దిగువ ఏమియు లేదు. దురదృష్టమేమన, ఋణముగా వచ్చిన ఆ కొలత నుండి పది తీసివేయగా అది మరల చుట్టు తిరిగి పెద్ద ధనసంఖ్యయైనది. కావలివాడు దానిని చూచి తృప్తిపడి దారి విడిచెను. నా మట్టుకు, ఈ ఉదంతములో నన్ను మిక్కిలి కలవరపెట్టినది ఈ తృప్తియే.

పరిష్కారము చిన్నది: రెండు గిగాబైట్లకు రవంత తక్కువయైన హద్దును మించి ఎవరడిగినను సీక్‌-ఫైల్ బఫరు నీయకుండునట్లు ఒక పరీక్షను చేర్చిరి. ఆవలి ఫంక్షన్‌లోని ఇంట్‌ను మాత్రము ఆ సవరణ తాకలేదు.