పిన్ను ఒక్కటే మారిస్తే చాలదు

హోసూరు ప్రాంతంలో మాది చిన్న తెలుగు బడి. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం, కన్నడం వింటారు. పద్యం మాత్రం బడిలో వింటేనే విన్నట్టు. అందుకే అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరు సీడీ ప్లేయరు, స్పీకర్లు పంపినప్పుడు మేము ఎంతో సంతోషించాం. దాని చదునైన పిన్నుకు అడాప్టరు తగిలించి స్విచ్చి వేశాం. నిమిషం గడవకముందే కాలిన వాసన వచ్చింది. పద్యం మొదలవకుండానే పెట్టె మూగబోయింది.

మెకానిక్ దాన్ని విప్పి చూసి, "సార్, పిన్ను మారిస్తే కరెంటు మారతాదా?" అన్నాడు. తప్పు మాదే. వెనుక అంటించిన చీటీలో 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్ అని స్పష్టంగా ఉంది. మేమే చదవలేదు.

తర్వాత ఆ విద్యార్థే ఒక ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు పంపారు. ఈసారి స్విచ్చి జోలికి వెళ్లకుండా, ముందు చీటీని పదో తరగతి పిల్లలతో చదివించాం.

చీటీలో చూడాల్సినవి రెండు

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. జపానులో 100 వోల్టులే. అక్కడ టోక్యో వైపు 50 హెర్ట్‌జ్, ఒసాకా వైపు 60. 19వ శతాబ్దం చివర టోక్యో జర్మనీ జనరేటర్లను, ఒసాకా అమెరికా జనరేటర్లను కొన్నందువల్ల వచ్చిన ఆ తేడా నేటికీ పోలేదు.

చీటీలో 100-240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్ అని ఉంటే చింత లేదు. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్లు చాలావరకు ఇలాంటివే. వాటికి పిన్ను మారిస్తే సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే ఆగాలి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు దాదాపు రెట్టింపు వోల్టేజి తగిలితే దాని ఇనుప కోరు తట్టుకోలేదు. అప్పుడు చుట్టలు విపరీతంగా కరెంటు లాగి కాలిపోతాయి. మా మొదటి పెట్టెకు జరిగింది అదే.

వోల్టేజి మార్చే దారులు

కొన్ని ఆంప్లిఫయర్ల వెనుక వోల్టేజి మార్చే మీట ఉంటుంది. కొన్నింటిలో మీట లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు ప్రైమరీ చుట్టలు ఉంటాయి. వాటిని 120 వోల్టులకు సమాంతరంగా, 240కి శ్రేణిలో కలుపుతారు. అప్పుడు కరెంటు సగమవుతుంది కనుక ఫ్యూజు విలువ కూడా సగానికి తగ్గించాలి. ఇది తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని. పెట్టె మూత మనం తీయకూడదు, పిల్లలతో తీయించకూడదు.

మా ఆంప్లిఫయరులో ఆ వీలు లేదు. అందుకని బయట పెట్టే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. పరికరం 100 వాట్లది కాబట్టి 200 వీఏ సామర్థ్యం ఉన్నది తీసుకున్నాం. ప్రైమరీ, సెకండరీ చుట్టలు విడివిడిగా ఉన్న రకం బడికి క్షేమం. దాన్ని గాలి తగిలే చోట పెట్టి, పిల్లల చేతికి అందకుండా చూస్తున్నాం.

హెర్ట్‌జ్ మారలేదు

ఆంప్లిఫయరు బాగానే పలికింది. రికార్డు ప్లేయరులో ఘంటసాల పద్యాల రికార్డు పెట్టాం. గొంతు బరువుగా, సాగదీసినట్టు వచ్చింది. "సార్, ఈయనకు జ్వరమా?" అన్నాడు ఒక అబ్బాయి.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది కానీ హెర్ట్‌జ్‌ను మార్చదు. ఈ ప్లేయరు మోటారు వేగం హెర్ట్‌జ్‌నే బట్టి నడుస్తుంది. రికార్డు అంచున కాగితం ముక్క అంటించి చుట్లు లెక్కపెట్టమన్నాం. నిమిషానికి 33⅓ చొప్పున 3 నిమిషాల్లో 100 చుట్లు తిరగాలి. పిల్లల లెక్కకు 83 వచ్చింది. 60లో 50 ఎంతో, 100లో 83 దాదాపు అంతే. శ్రుతి కూడా సుమారు మూడు స్వరస్థానాలు దిగిపోయింది. అలాగే వదిలేస్తే పిల్లలు ఆ నడకే పద్యం నడక అనుకొని నేర్చుకునేవారు.

మోటారు కప్పీని 6/5 రెట్లు పెద్దది చేస్తే వేగం సరిపోతుందని పిల్లలే లెక్క తేల్చారు. 10 మిల్లీమీటర్ల కప్పీకి బదులు మెకానిక్ లేత్ మీద 12 మిల్లీమీటర్లది చేయించి పెట్టాడు. మళ్లీ లెక్కపెడితే 3 నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు! తరగతి అంతా చప్పట్లు కొట్టింది. డీసీ మోటారు ఉన్న ప్లేయర్లకు మాత్రం ఈ తంటా లేదు.

విదేశాల్లో ఉన్న మీ బంధువులు బడికి ఏదైనా పంపుతామంటే, ముందుగా వెనుక చీటీ ఫొటో అడగండి. వోల్టులు, హెర్ట్‌జ్, వాట్లు మూడూ చూడండి. వీలైతే 230 వోల్టులదే పంపమనండి. ప్రేమతో పంపిన వస్తువు మొదటి రోజే కాలిపోతే పంపినవారికీ, ఎదురుచూసిన పిల్లలకూ ఎంత బాధో మేము చూశాం.