ఇంటికి చెదలు పడితే ఏ మందు వేయించాలి?

మా ఇంటికి చెదలు పట్టాయని చెప్పుకోవడానికి మొదట్లో నామోషీగానే అనిపించింది. తెనాలిలో తాతగారి ఇంటి దూలాలకు చెద పట్టడం చిన్నప్పుడు చూశాను గానీ, షామ్‌బర్గ్ చలికి అవేం బతుకుతాయిలే అని ధీమాగా ఉండేవాణ్ణి. ఏప్రిల్‌లో ఒకరోజు వాన వెలిశాక పేషియో తలుపు దగ్గర ఉసిళ్ళు గుంపుగా లేచాయి. మా ఆవిడ రెక్కల చీమలనుకుని వాక్యూమ్ చేసేసింది. చీమకు నడుము సన్నం, ముందు రెక్కలు వెనక రెక్కలకంటే పెద్దవి. ఉసిళ్ళకు నడుము కనబడదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. అనుమానమొచ్చి తలుపు చట్రాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా లోపలికి పోయింది!

జూన్‌లో మా అమ్మాయి పురిటికి వస్తోంది. పసిబిడ్డ ఉండబోయే ఇంట్లో ఏ మందు వేయించాలన్నదే మా బెంగ.

ఫ్లోరిడాలో ఉన్న మా బావమరిది ఇల్లంతా డేరా కప్పి గ్యాస్ పట్టించమన్నాడు. అది పొడి చెక్కలోనే కాపురముండే చెదలకు పనికొస్తుంది. మన ఇల్లినాయిలో ఉండేవి నేలలో ఉండే రకం. చలికాలంలో మట్టి లోతుకు దిగిపోయి, మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకొస్తాయి. కాబట్టి వైద్యం మట్టికి చెయ్యాలి. ఇంకో మిత్రుడు ఇండియా నుంచి క్లోర్‌పైరిఫాస్ డబ్బా తెప్పించుకుందామన్నాడు. ఆ మందును ఇళ్ళలో వాడటాన్ని ఇక్కడి పర్యావరణ సంస్థ 2000లో కుదిరిన ఒప్పందంతో చాలావరకు ఆపించింది. అంతకుముందు వాడిన క్లోర్‌డేన్ 1988లోనే పోయింది. దయచేసి సూట్‌కేసు మందుల జోలికి పోకండి.

మిగిలినవి రెండు దారులు. మొదటిది ఎర. 1995లో వచ్చిన సెంట్రికాన్ ఈ తరహాదే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నాన్-యావో సూ అనే ఆయన పరిశోధనలోంచి పుట్టింది. ఇంటి చుట్టూ 10 నుంచి 20 అడుగులకొకటి చొప్పున గొట్టాలు పాతుతారు. ఎర తిన్న చెదలు కుబుసం విడవలేక చస్తాయి, మిగతా వాటికీ పంచుతాయి. గోడలు తొలవక్కర్లేదు, మందు మట్టిలో కలవదు. కానీ అవి ఎరను వెతుక్కుని రావాలి, నెలలు పడుతుంది. ఏటేటా కంపెనీకి డబ్బు కడుతూనే ఉండాలి.

రెండోది ద్రవం. ఫిప్రోనిల్, అంటే టర్మిడార్ లాంటివి. చెదలు దాని వాసన పసిగట్టలేవు, అందులోంచి నడిచి తోటివాటికి అంటిస్తాయి. పునాది చుట్టూ కాలువ తవ్వి పోస్తారు. లెక్క ఏమిటంటే ప్రతి 10 అడుగుల పొడవుకు, ఒక్కొక్క అడుగు లోతుకు 4 గ్యాలన్ల కలిపిన మందు. మా ఇంటి చుట్టుకొలత 150 అడుగులు, అంటే అడుగు లోతుకే 60 గ్యాలన్లు. మొదట వచ్చినాయన చిన్న చేతి పంపు చూపించి "గంటలో అయిపోతుంది, ఈరోజే సంతకం పెడితే తగ్గింపు" అన్నాడు. మర్యాదగా పంపించేశాను. చెదలు మెల్లగా తింటాయి, రెండు మూడు వారాలు ఆగి నలుగురిని అడిగితే ఇల్లేమీ కూలిపోదు.

మాది వెదర్స్‌ఫీల్డ్‌లో పాత ఇల్లు. 1959 నుంచి అక్కడ కంపనెల్లి కట్టిన ఇళ్ళు చాలావాటికి బేస్‌మెంట్ లేదు, నేలమీద స్లాబే. అలాంటి చోట స్లాబుకు కన్నాలు వేసి మందు దింపాలి. స్లాబు లోపల హీటింగ్ డక్టులుంటే మాత్రం ముందే చెప్పండి, మందు అందులో పడితే ఇల్లంతా చుట్టేస్తుంది. బేస్‌మెంట్ ఉన్నవారు సంప్ పంపు సంగతి, డ్రెయిన్ గొట్టాల సంగతి అడగాలి.

చెదలు అప్పటికే తలుపు చట్రంలో ఉన్నాయి కాబట్టి మేం ద్రవమే ఎంచుకున్నాం. చిక్కల్లా మా ఆవిడ గోంగూరతో వచ్చింది. దక్షిణపు గోడవారనే మడి, పక్కనే పుదీనా. తినే మొక్కలున్న మట్టిలో ఈ మందు పోయకూడదు. రెండు రోజులు మాటల్లేవు. చివరికి మడి మొత్తం వెనక కంచె దగ్గరకు మార్చాం. ఇదివరకటి గోడవార మట్టిలో ఇక కూరలు వేయడం లేదు. గోడకు ఆనించిన మల్చ్, గరాజ్‌లో పేర్చిన కట్టెలు కూడా తీసేశాం.

సంతకం పెట్టేముందు రాష్ట్ర ప్రజారోగ్య శాఖ ఇచ్చే లైసెన్సు అడిగి చూశాను. ఇంకొకటి, గ్యారంటీ కాగితం చదవండి. మళ్ళీ చెద వస్తే మందు మాత్రమే వేస్తారా, పాడైన చెక్క కూడా బాగుచేస్తారా అన్నది తేడా. మాది మందు మాత్రమే అన్న కాగితం. ధర తక్కువని ఒప్పుకున్నాను. మే మొదటి వారంలో పని అయింది. జూలైలో చట్రం విప్పి చూస్తే గొట్టాలు ఎండిపోయి ఉన్నాయి. కొత్త చట్రానికి వడ్రంగి ఖర్చు నాదే, ఇన్సూరెన్సు వాళ్ళు చెదలకు పైసా ఇవ్వమన్నారు.